యంత్రముల జాబితా: యజమాని చేతి దస్తావేజు

కంప్యూటరు కొనుట సులభము. అది ఏ ఆపరేటింగు సిస్టముతో నడచునో ముందుగా తెలిసికొనుట అంత సులభము కాదు. తెరకు, ముద్రణ యంత్రమునకు, వైర్‌లెస్ కార్డునకు ఆ సిస్టములో వేర్వేరుగా తగిన డ్రైవరు ఉండవలెను. డ్రైవరు లేని భాగము పెట్టెలో నున్నను లేనట్లే. కావున ఏ పరికరములు పనిచేయునో తెలుపు జాబితాను మేము వ్యాపార ప్రకటనగా నెంచము. అది యజమానికి వ్రాసి యిచ్చిన దస్తావేజు.

ఆ దస్తావేజునకు గల బలము విండోస్ విషయమున స్పష్టమైనది. 2021 అక్టోబరులో మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 11ను విడుదల చేసి, టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును తప్పనిసరి చేసి, తాను అంగీకరించు ప్రాసెసర్ల జాబితాను ప్రకటించినది. ఇంటెల్ వారి ఎనిమిదవ తరమునకు పూర్వపు ప్రాసెసర్లు దాదాపుగా అన్నియు వెలుపలనే యుండిపోయినవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. చక్కగా నడచుచున్న యంత్రములెన్నియో చెడకయే పాతవైపోయినవి. భద్రత కొరకే యీ నియమమను వాదమును మేము తోసిపుచ్చము. కాని దాని భారమంతయు యజమానిపై బడినదనుట నిజము.

ఏ సిస్టమును అన్ని యంత్రములను కలకాలము మోయజాలదు. లినక్సు 1991లో పుట్టినది ఇంటెల్ 386 ప్రాసెసరు మీదనే. 2013లో వెలువడిన 3.8వ కూర్పులో ఆ 386కే చోటు లేకపోయినది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 పాత 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరు నీయలేదు. ఆ సంగతిని విడుదల పత్రములలో తేటగా వ్రాసినది. విడిచిపెట్టుట దోషము కాదు, చెప్పక విడిచిపెట్టుట దోషము.

జాబితా యుండిన చాలదు, అది నిక్కమైనదిగా నుండవలెను. పొలమును పేరు చూచి కాక సర్వే నంబరు చూచి కొనుట మన పెద్దల పద్ధతి. పీసీఐ పరికరములకును అట్టి నంబర్లు కలవు: ఒకటి తయారీదారునిది, ఒకటి పరికరమునది. పెట్టెపై పేరు మారకుండగనే లోపలి చిప్పు మారుట వైర్‌లెస్ కార్డులలో కద్దు. అట్టి యెడ పేర్ల జాబితా మోసపుచ్చును, నంబరు మోసపుచ్చదు.

ఓపెన్‌బీఎస్‌డీ వారి పద్ధతి యిందుకు ఆదర్శప్రాయము. డ్రైవరునకొక మాన్యువల్ పుట వ్రాసి, అది నడపు పరికరములను, తెలిసిన లోపములను అందే చూపుదురు. పరికర వివరములను రహస్యపు ఒడంబడికపై ఇచ్చెదమను తయారీదారుల షరతునకు వారు లొంగరు. నలుగురు చూడలేని వివరమును నలుగురు సరిచూడలేరు గదా!

కావున పాఠశాలలకు, కార్యాలయములకు కంప్యూటర్లు కొనువారు ధర అడుగుటకు ముందు జాబితా నడుగవలెను. అందు నంబరు, పరీక్షించిన కూర్పు, తేదీ, పనిచేయని భాగము, మద్దతు ముగియు సంవత్సరము ఉన్నవా యని చూడవలెను. ఈ అయిదును చూపలేని అమ్మకందారునకు సొమ్ము చెల్లింపరాదని మా అభిప్రాయము.