అక్కడ దుకాణం, ఇక్కడ జైలు

రండర్రా, అందరూ ఇలా అరుగు మీదికి రండి. చిన్నీ, ఆ చాప కాస్త ఇటు లాగు. పొద్దున్న పేపరు చూస్తూ నువ్వడిగిన ప్రశ్న నన్ను వదలటం లేదే అమ్మాయ్. నర్సీపట్నం వైపు నుంచి వస్తున్న కారులో గంజాయి మూటలు దొరికాయనీ, ఇద్దరు కుర్రాళ్లను జైలుకు పంపారనీ వేశారు. డెన్వర్‌లో ఉన్న మీ బాబాయేమో వాళ్ల వీధి చివరే గంజాయి దుకాణం ఉందని మొన్న ఫోనులో చెప్పాడు. "ఒకటే మొక్క కదా తాతయ్యా, అక్కడ దుకాణం, ఇక్కడ జైలు, ఎందుకలా?" అన్నావు. మంచి ప్రశ్న. పెద్దపెద్ద సభల్లో కొట్టుకుంటున్నది కూడా దీని మీదే. ముందు మొక్క సంగతి చూద్దాం. మొక్క తెలియకుండా చట్టం గురించి మాట్లాడితే గొంతులు లేస్తాయి గానీ సంగతి తేలదు.

గంజాయి మొక్కను మీరు చూసి ఉండరు. దాని పోలిక మాత్రం మన కంచంలోకి తరచూ వస్తూనే ఉంటుంది. గోంగూర! గోగు మొక్క ఎదిగాక ఆకు ఐదు చీలికలవుతుంది చూశారా, అంచుల్లో రంపపు పళ్లతో? గంజాయి ఆకూ ఇంచుమించు అంతే. మొక్కలన్నిటికీ పేర్లు పెట్టిన లిన్నేయస్ అనే స్వీడన్ పెద్దాయన గంజాయిని 'కన్నాబిస్ సటైవా' అన్నాడు. గోగును 'హైబిస్కస్ కన్నాబినస్', అంటే గంజాయిలాంటి మందార అన్నాడు. కంగారు పడకండి, రెండింటికీ చుట్టరికమేమీ లేదు. గోగుది మందార కుటుంబం. గంజాయికి అసలు చుట్టం బీరులో చేదు కోసం వేసే హాప్స్ తీగ. గోగుకూ గంజాయికీ కలిసేది ఇంకొకటుంది, నార. మన పెద్దవాళ్లు గోగునారతో తాళ్లు పేనినట్టే, చైనా నుంచి ఐరోపా దాకా గంజాయి జాతి నారతో తాళ్లు పేనారు, ఓడల తెరచాపలు నేశారు.

తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరువేరుగా ఉంటాయి కదా, గంజాయిలోనూ అంతే. మత్తు కావాలనుకునేవాళ్లకు ఆడమొక్క కావాలి. ఆడపూత చుట్టూ సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు కొసల్లో జిగురు బొట్లు నిలుస్తాయి. మత్తు పదార్థం టిహెచ్‌సి ఎక్కువగా పుట్టేది అందులోనే. గింజలో అది ఉండదు. ఇంకో తమాషా వినండి. పచ్చి మొక్కలో టిహెచ్‌సి దాదాపుగా ఉండదు, దాని ఆమ్లరూపమే ఉంటుంది. వేడి తగిలితే ఆ అణువులోంచి బొగ్గుపులుసు గాలి ఊడిపోయి అప్పుడు టిహెచ్‌సి అవుతుంది. ఈ రసాయన పాఠం చదువుకోకుండానే వేల ఏళ్ల నుంచీ జనం దాన్ని కాల్చో, ఉడికించో వాడుతున్నారు చూడండి!

ఈ అణువును విడదీసి, దాని రూపురేఖలు తేల్చింది ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో పనిచేసిన రాఫెల్ మెషూలమ్, ఆయనతో పాటు గావోని. 1964లో. నల్లమందు నుంచి మార్ఫీన్ తీసి అప్పటికే నూట యాభై ఏళ్లు దాటినా, గంజాయిలో మత్తిచ్చేది ఏదో మాత్రం తేలలేదు. మెషూలమ్‌కు పరిశోధనకు సరుకు కావాలి. నేరుగా పోలీసుల్నే అడిగారు. వాళ్లు పట్టుకున్న సరుకులోంచి ఐదు కిలోల హషీష్, అంటే గంజాయి జిగురు ముద్ద, ఇచ్చారు. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. ఈ వాసనేమిటని బస్సులోవాళ్లంతా ముక్కులు ఎగబీల్చారట! ఆయన 2023లో, తొంభై రెండేళ్ల వయసులో పోయారు. చివరిదాకా ఈ మొక్క చుట్టూనే తిరిగిన మనిషి.

సరే, అణువు దొరికింది. ఎక్కడో కొండవాలులో పెరిగే మొక్క జిగురు మన మెదడు మీద ఎందుకు పనిచేయాలి? 1988లో అమెరికాలో అలిన్ హౌలెట్, విలియం డెవేన్ అనేవాళ్లు ఎలుక మెదడులో టిహెచ్‌సి పట్టుకుని కూర్చునే చోటును కనిపెట్టారు. దాన్ని గ్రాహకం అంటారు. మొక్క కోసమని మెదడు గ్రాహకాలు చేసి పెట్టుకోదు కదా! అంటే శరీరమే అలాంటిదేదో తయారు చేసుకుంటూ ఉండాలి. వెతగ్గా వెతగ్గా 1992లో పంది మెదడులో దొరికింది. డెవేన్ దానికి మన సంస్కృతంలోని ఆనందాన్ని తీసుకుని 'ఆనందమైడ్' అని పేరు పెట్టాడు.

అది చేసే పని చెబుతాను, ఇది నాకు భలే ఇష్టమైన ముచ్చట. వరిచేలో నీళ్లు పారించటం చూశారు కదా. ఎగువ మడికి మడవ తీస్తే దిగువ మడిలోకి నీళ్లు దిగుతాయి. తడి సరిపోగానే దిగువనున్నవాడు గట్టెక్కి "చాలు బావా, మడవ కట్టెయ్" అని కేకేస్తాడు. నీళ్లు కిందికి పోతాయి, కేక పైకి పోతుంది. మెదడులో ఒక నాడీకణం నుంచి ఇంకో కణానికి కబురు కిందికే దిగుతుంది. కబురు ఎక్కువైందనుకున్న దిగువ కణం ఆనందమైడ్‌నో, దాని తోబుట్టువునో తయారు చేసి వెనక్కి, పైకి పంపుతుంది. అదే ఆ కేక. ఎగువ కణం మీదున్న గ్రాహకం దాన్ని విని మడవ తగ్గిస్తుంది. పని అయిపోగానే ఎంజైములు ఆ కేకను విరిచేస్తాయి. మరి టిహెచ్‌సి? అది అదే గొంతుతో వచ్చే పరాయివాడు. ఏ మడికి తడి సరిపోయింది, ఏది ఎండుతోంది అని చూడడు. అన్ని మడవల దగ్గరా ఒకేసారి, గంటల తరబడి కేకలేస్తాడు.

జ్ఞాపకాలు కట్టే చోట ఆ కేక పడితే చెప్పబోయిన మాట మధ్యలోనే మరిచిపోతారు. ఒడుపు చూసుకునే చిన్నమెదడులో పడితే బండి నడపటం తప్పుతుంది. ఆకలి కేంద్రంలో పడితే విపరీతంగా ఆకలి. ఊపిరి నడిపే మెదడు కాండంలో మాత్రం ఈ గ్రాహకాలు చాలా తక్కువ. అందుకే హెరాయిన్‌లా గంజాయి ఊపిరి ఆపి చంపదు. గంజాయిని చట్టబద్ధం చేయమనేవాళ్లు ఈ మాట గట్టిగా చెబుతారు, అది నిజమే. కానీ చంపదన్నంత మాత్రాన హాని లేదనుకోకూడదు. హాని లేదన్న మాట దగ్గర నేను ఆగిపోతాను.

ఎందుకంటే మీ వయసు వేరర్రా. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా మెదడు పూర్తిగా కుదురుకోదు. అప్పటిదాకా కాలవలు తవ్వుతూ, గట్లు పోస్తూ, అక్కర్లేనివి పూడుస్తూ ఉంటుంది. ఏ గట్టు ఎక్కడ ఉండాలో తేల్చటంలో ఆ కేకలకు కూడా పాత్ర ఉంది. అలాంటప్పుడు పరాయి కేక పడితే? స్వీడన్‌లో 1969, 70లలో సైన్యానికి పిలిచిన 45 వేల మందికి పైగా కుర్రాళ్లను అడిగి రాసుకుని, పదిహేనేళ్ల తర్వాత చూశారు. యాభైసార్లకు మించి గంజాయి వాడామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించి, లేని శత్రువులు కనిపించే ఆ జబ్బు, వాడనివాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువ. 1987లో అచ్చయింది ఆ లెక్క. అందులో కొంత ముందునుంచీ ఉన్న ఇబ్బందుల వల్లేననే వాదన ఉంది, అది తీసేయదగ్గది కాదు. కానీ వంశంలో ఆ జబ్బు ఉన్న ఇళ్ల పిల్లలకు గంజాయి నిప్పుతో చెలగాటమేనని డాక్టర్లంతా ఒప్పుకుంటారు. పైగా అప్పటి సరుకు వేరు. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో టిహెచ్‌సి 1995లో నూటికి 4 పాళ్లుంటే, 2014 నాటికి 12 అయింది.

మందు సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. 1839 ప్రాంతంలో కలకత్తా మెడికల్ కాలేజీలో ఓషానెస్సీ అనే ఐరిష్ డాక్టరు ఉండేవాడు. ఎంత చిత్రమైన మనిషంటే, కలరా రోగి రక్తంలోంచి నీరూ ఉప్పూ పోతాయి, వాటిని తిరిగి ఎక్కించాలి అని ఇరవై రెండేళ్ల వయసులోనే చెప్పినవాడు. తర్వాత మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించిందీ ఆయనే! ఇక్కడి వైద్యులూ హకీములూ గంజాయి ఎలా వాడుతున్నారో అడిగి తెలుసుకుని, ముందు జంతువులకిచ్చి చూసి, ఆ తర్వాత రోగులకిచ్చాడు. మూర్ఛలతో కొట్టుకుంటున్న ఒక పసికందుకు దాంతో గుణం కనిపించిందని రాశాడు. ఇంచుమించు నూట ఎనభై ఏళ్ల తర్వాత, 2018లో, ఏ మందుకూ లొంగని రెండు రకాల పసిపిల్లల మూర్ఛలకు గంజాయిలోంచే తీసిన సిబిడి మందును అమెరికా అనుమతించింది. సిబిడి మత్తివ్వదు. ఒకే మొక్కలో బిడ్డను కాపాడేదీ ఉంది, కుర్రాణ్ణి పాడుచేసేదీ ఉంది. మొక్కంతటికీ కలిపి ఒకే తీర్పు ఇవ్వబోయినప్పుడల్లా మనుషులు పప్పులో కాలేశారు.

తెల్లదొరలు కూడా ఈ తగువు పడ్డారు తెలుసా? గంజాయి తాగి ఇండియాలో జనం పిచ్చివాళ్లయిపోతున్నారని లండన్ పార్లమెంటులో గోల లేస్తే 1893లో ఏడుగురితో ఒక కమిషన్ వేశారు. వాళ్లు దేశమంతా తిరిగి 1193 మంది సాక్షుల్ని విచారించారు. పిచ్చాసుపత్రుల రికార్డులు కూడా తిరగేశారు. రోగిని తెచ్చిన పోలీసులు 'కారణం' అనే గడిలో నిదానంగా విచారించకుండానే గంజాయి అని రాసి పంపేవారట! ఆ రాతల మీదే పార్లమెంటులో అంత గోల. మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం అవసరం లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని 1894లో తేల్చారు. సర్కారుకు గంజాయి పన్ను ఆదాయం ఉండేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. అయినా ఓపిగ్గా అడిగి తెలుసుకున్న వాళ్ల పద్ధతి నాకు నచ్చుతుంది.

ఆ తర్వాత ప్రపంచం నిషేధం వైపు తిరిగింది. 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. మన దేశం 1985లో ఎన్‌డిపిఎస్ అనే మత్తుమందుల చట్టం చేసింది. ఆ చట్టంలో గంజాయి అంటే పూతా కాయా ఉన్న కొసలు. కొసలు లేని ఉత్త ఆకు అందులోకి రాదు. అందుకే ఉత్తరాదిన హోళీకి ఆ ఆకుతో చేసే భంగు లైసెన్సు దుకాణాల్లోనే దొరుకుతుంది. గంజాయి కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు, ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు.

మీ బాబాయి ఉండే డెన్వర్ అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలోది. అక్కడ 2012లో జనమే ఓట్లేసి చట్టబద్ధం చేసుకున్నారు. మరుసటి ఏడు ఉరుగ్వే, 2018లో కెనడా. అమెరికాలో దేశమంతటికీ వర్తించే చట్టం మాత్రం దీన్ని ఇంకా ఒప్పుకోదు. అక్కడ చదువుకునే మన పిల్లలు ఈ మెలిక మరవకూడదు. వీధిలో దుకాణం ఉన్నా, వాడామని ఒప్పుకుంటే వీసాకు ఎసరు రావచ్చు. కొలరాడోలో ఇంకొకటి జరిగింది. మిఠాయిల్లో కలిపి అమ్మితే ఇంట్లో చంటిపిల్లలు చాక్లెట్లనుకుని తిని ఆసుపత్రుల పాలవటం పెరిగింది. కెనడా అది చూసి, తినే వాటిలో పొట్లానికి 10 మిల్లీగ్రాముల టిహెచ్‌సి మించకూడదని గీత గీసింది. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచింది. వీధివీధినా దుకాణాలు వెలిశాక, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని వెనక్కి లాగింది.

"నీ మాటేమిటి తాతయ్యా" అంటారా? చెబుతాను. మందు కోసం పరిశోధనకు తలుపు తెరవాలి. టిహెచ్‌సి 0.3 శాతం లోపుండే నార రకాలకు ఉత్తరాఖండ్ 2018లోనే అనుమతించింది, మిగతావాళ్లూ ఆలోచించొచ్చు. వాడుతూ దొరికిన కుర్రాణ్ణి జైలుకు కాదు, డాక్టరు దగ్గరికి పంపాలి. చికిత్సకు ఒప్పుకున్నవాడి మీద కేసు లేకుండా చేసే వీలు మన చట్టంలో ఇప్పటికే ఉంది, వాడుకోవటమే తక్కువ. వీధి దుకాణం మాత్రం నేను ఒప్పుకోను. ఏ మత్తు వ్యాపారానికైనా లాభం ఎప్పుడో ఒకసారి వాడేవాడి నుంచి రాదు, రోజూ వాడేవాడి నుంచి వస్తుంది. వాణ్ణి తయారు చేసుకోవటానికి ఆ వ్యాపారం మీ వయసువాళ్ల వైపే చూస్తుంది.

ఇంకొక్క మాట. పేపర్లో వేసిన ఆ మూటలు పండేది మన అల్లూరి జిల్లా కొండల్లో, ఒడిశా సరిహద్దులో. బయటి వ్యాపారులు అడ్వాన్సులిచ్చి గిరిజనుల చేత పండిస్తారు. పట్టుబడేది మోసేవాడు, పండించేవాడు. డబ్బు పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికించారు. గంజాయి కొన్ని నెలల్లో చేతికొస్తుంది. దాని బదులు వేయమనే కాఫీ కాపుకు రావటానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ లోగా పసుపు, రాజ్‌మా వేసుకోమంటారు. అవి బాగానే పండుతాయి గానీ అడ్వాన్సు ఇచ్చి గుమ్మంలోకొచ్చి కొనేవాడు వాటికి లేడు. చట్టం ఎటు మారినా ఆ నాలుగేళ్ల అప్పు ఎవరిస్తారు, ఆ పసుపు గుమ్మంలోకొచ్చి ఎవరు కొంటారు అన్నది ముందు తేలాలి, ఇంకో పంట నరకకముందే.