అసైన్ (డాస్ ఆదేశము)

అసైన్ అనునది ఎమ్మెస్-డాస్, ఐబీఎం పీసీ డాస్ నిర్వాహక వ్యవస్థలలోని ఒక ఆదేశము. ఒక డ్రైవు అక్షరమునకు వచ్చే చదువు, వ్రాత అభ్యర్థనలను ఇది మరొక డ్రైవునకు మళ్ళిస్తుంది.

ఆవశ్యకత

1981లో విడుదలైన ఐబీఎం పీసీలో హార్డ్ డిస్కు లేదు. ఫ్లాపీ డ్రైవులను ఎ, బి అక్షరములతో గుర్తించేవారు. 1983లో వెలువడిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు చేరి, దానికి సి అను అక్షరము వచ్చింది. అయితే కొన్ని పాత ప్రోగ్రాములు తమ ఫైళ్ళను ఎ, బి డ్రైవులలోనే వెదికేవి. వాటిని మార్చకుండా హార్డ్ డిస్కు నుండి నడుపుటకు ఈ ఆదేశము ఉపకరించింది.

వాడుక

"అసైన్ బి=సి" అని ఇచ్చిన తరువాత బి డ్రైవులోని ఫైళ్ళ జాబితా కోరితే సి డ్రైవులోని జాబితా కనబడుతుంది. కేవలం "అసైన్" అని ఇస్తే మళ్ళింపులన్నీ రద్దవుతాయి.

జాగ్రత్తలు

మళ్ళింపు అమలులో ఉన్నదని మరచి, ఫ్లాపీ అనుకొని బి డ్రైవులోని ఫైళ్ళను తొలగిస్తే హార్డ్ డిస్కులోని ఫైళ్ళు పోతాయి. ఫార్మాట్, డిస్క్‌కాపీ ఆదేశములు మాత్రం ఈ మళ్ళింపును పాటించక అసలు డ్రైవుపైనే పనిచేస్తాయి. ఈ కారణముల వలన దీనికి బదులు సబ్‌స్ట్ ఆదేశమును వాడుట మేలని భావించేవారు. సబ్‌స్ట్ ఒక డైరెక్టరీకి డ్రైవు అక్షరమును ఇస్తుంది. 1993లో వచ్చిన ఎమ్మెస్-డాస్ 6.0 నుండి అసైన్‌ను ప్రధాన ప్యాకేజీలో చేర్చలేదు. సబ్‌స్ట్ నేటి విండోసులోనూ ఉన్నది.