జూదపు అప్పు తీరింది, ఇంటి లోను మాటేమిటి?

ఆ మధ్య నెల్లూరు తీరంలోని ఒక సంఘంలో ఆదివారపు ఆరాధన ముగిశాక ఒక సహోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. "అయ్యగారూ, దేవుడు నన్ను క్షమించాడు. నా భార్య క్షమించింది. సంఘం చేర్చుకుంది. బ్యాంకువాళ్లు మాత్రం నా పాత పాపాన్ని కంప్యూటర్లో దాచి పెట్టుకున్నారు. ఇదేం న్యాయం?" అని అడిగాడు.

అతని అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం. పేరు, ఊరు అక్కరలేదు. ఫోన్లో రమ్మీతో మొదలుపెట్టి క్రికెట్ బెట్టింగుల దాకా వెళ్లాడు. క్రెడిట్ కార్డు వాడేశాడు, పర్సనల్ లోను తీసుకున్నాడు, భార్య గొలుసు తాకట్టు పెట్టాడు. మూడేళ్ల క్రితం అంతా ఒప్పుకొని మానేశాడు. గొలుసు విడిపించాడు, లోను తీర్చాడు. కార్డు బాకీ మాత్రం పూర్తిగా కట్టలేక బ్యాంకుతో రాజీ కుదుర్చుకుని కొంత మొత్తంతో బయటపడ్డాడు. ఇప్పుడు తండ్రి ఇచ్చిన నలభై అంకణాల స్థలంలో ఇల్లు కట్టుకుందామని వెళ్తే లోను రాలేదు.

ఇది అతనొక్కడి కథ కాదు. మన ప్రాంతంలో పేకాట, సంక్రాంతి కోడిపందేలు పాతవే. ఫోన్ వచ్చాక జూదం ఇంట్లోకే వచ్చింది. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఆట ఆగినా అంతకుముందు చేసిన అప్పు ఆగదు. కాబట్టి ఈ సంగతి సంఘాలకు తెలియాలి.

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. బ్యాంకు దాచుకున్నది పాపాన్ని కాదు, లెక్కను. మన దేశంలో ఈ లెక్కలు ఉంచే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఎంత అప్పు తీసుకున్నాం, ఏ నెల కట్టాం, ఏ నెల ఎగ్గొట్టాం అన్నది వాటి దగ్గర కనీసం ఏడేళ్లు ఉంటుంది. దాన్నిబట్టి 300 నుండి 900 వరకు ఒక స్కోరు వేస్తారు. సాధారణంగా 750 దాటితే లోను సులువు. ఆ రిపోర్టులో "జూదం" అన్న మాట ఎక్కడా ఉండదు. ఆసుపత్రి కోసం చేసిన అప్పైనా రమ్మీ కోసం చేసిన అప్పైనా దానికి ఒకటే.

జూదాన్ని బయటపెట్టేది మరొకటి ఉంది. ఇంటి లోనుకు బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు అడుగుతారు. ఎవరికి ఎప్పుడు డబ్బు పంపామో అందులో వరుసగా కనిపిస్తుంది. ఇంకా చాటుగా ఆడుతున్నవాడు అక్కడ దొరికిపోతాడు. నిజంగా మానేసినవాడికి ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

ఇక మన సహోదరుడి చిక్కు "సెటిల్డ్" అన్న ఒక్క మాటలో ఉంది. పూర్తిగా కట్టిన అప్పును రిపోర్టులో "క్లోజ్డ్" అని రాస్తారు. రాజీపడి తక్కువ కట్టిన దాన్ని "సెటిల్డ్" అంటారు. అంటే మిగతాది బ్యాంకు నష్టపోయిందని అర్థం. రాజీ చేసుకోవడం నేరం కాదు. కానీ రేపు అప్పు ఇవ్వబోయేవాడు ఆ మాట చూసి వెనకాడడంలో అన్యాయమూ లేదు.

మేము అతనితో జక్కయ్యను గురించి మాట్లాడాం. ప్రభువు అతని ఇంట అడుగుపెట్టాడు, రక్షణ వచ్చింది. అయితే జక్కయ్య పాత లెక్కల పుస్తకం మూసేయలేదు, తానే తెరిచాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. క్షమాపణ పొందినవాడికి లెక్క అంటే భయం పోతుంది. అందుకే అతనికి మేమిచ్చిన సలహా ఇది: ఆ బ్యాంకుకు వెళ్లి, మాఫీ చేసిన మొత్తం ఎంతో అడిగి, వీలైతే అదీ కట్టు. రాజీ తర్వాత చట్టం అతన్ని బలవంతం చేయదు. అతను రెండు వారాలు ఆలోచించాడు. ఇంటికి దాచిన డబ్బులోనుంచి తీసి కట్టాడు. "బాకీ లేదు" అన్న పత్రం తెచ్చుకున్నాడు. రిపోర్టులో మాట మార్చమని బ్యాంకును లిఖితపూర్వకంగా కోరాడు. ఇల్లు ఒక ఏడాది వెనక్కి పోయింది. దానికి అతని భార్య కన్నీళ్లు పెట్టుకుందని కూడా చెప్పాలి.

ఇదే దారిలో ఉన్న మిగతావారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ నాలుగు సంస్థల్లో ప్రతిదాని నుండి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు మనకు ఉంది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తీర్చిన అప్పు తీరనట్టు ఉంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అప్పటికీ కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒక బ్యాంకు కాదంటే వెంటనే నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో కనిపించి స్కోరును ఇంకా దించుతుంది. కారణం రాసి ఇమ్మని అడిగి, దాన్ని సరిచేసుకుని, అప్పుడు వెళ్లండి. మేనేజరు పాత సంగతి అడిగితే దాచకండి. ఎప్పుడు మానేశారో, ఎలా తీర్చారో కాగితాలతో చూపించండి.

బెట్టింగు నడిపేవాడికి ఓడిన సొమ్ము వేరు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, ఆ సొమ్మును కోర్టు ద్వారా రాబట్టలేరు. వాడి బెదిరింపులకు లొంగి కొత్త అప్పు చేయకండి, పోలీసులకు చెప్పండి. కానీ పక్కింటివాళ్ల దగ్గర తెచ్చిన చేబదులు నిజమైన అప్పే. దానికి రిపోర్టు లేకపోయినా దేవుని ఎదుట లెక్క ఉంది.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు. 15 లక్షలు 20 ఏళ్లకు 9 శాతం వడ్డీతో తీసుకుంటే నెలకు దాదాపు 13,500 రూపాయలు కట్టాలి. మొత్తం 32 లక్షలు దాటుతుంది. లోను 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకు ఇవ్వదు, మిగతాది మన చేతిలో ఉండాలి. మన తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. వేట లేకపోయినా వాయిదా ఆగదు. రొయ్యల గుంటల మీద బతికేవారికి ధర పడిన పంటలోనూ అంతే. ఆ నెలల వాయిదాలు ముందే పక్కన పెట్టగలిగితేనే సంతకం చేయండి. లోనులో భార్యను సహ దరఖాస్తుదారుగా చేర్చేముందు ఆమెకు ప్రతి అప్పూ చూపించండి. ఒకసారి గొలుసు పోగొట్టుకున్న మనిషికి కాదనే హక్కు ఉంది.

సంఘ పెద్దలకు ఒక మాట. జాలిపడి హామీ సంతకాలు చేయకండి. ఇతరుల అప్పుకు పూటపడవద్దని సామెతల గ్రంథం ఊరకే హెచ్చరించలేదు. ఆ అప్పు మీ రిపోర్టులోకీ వస్తుంది. అలాగని అతని వెనుక గుసగుసలాడకండి. నెలకొకసారి అతనితో, అతని భార్యతో కూర్చుని ఖాతా చూడండి. జూదం మళ్లీ లాగుతుంటే ప్రార్థనతోపాటు వైద్యమూ కావాలి. దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో చేర్చింది. ప్రభుత్వపు టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మన సహోదరుడు వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు పెడతాడు. లోను వస్తుందని మేము మాట ఇవ్వలేం. కానీ ఈసారి మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడు ఏ కాగితం అడుగుతారో అన్న భయం అతనికి ఉండదు. ఆ నలభై అంకణాల్లో పునాది పడే రోజు ప్రార్థనకు మమ్మల్ని పిలుస్తానన్నాడు. ఆ రోజు కోసం మీరు కూడా ప్రార్థించండి.