నేల కింది గుహలు: పటాలలో, ఉపగ్రహ చిత్రాలలో వాటి జాడలు

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను ఇంతవరకు 3,229 మీటర్ల పొడవున కొలిచారు. అంత పొడవైన గుహల పైన ఉన్నవి చదునైన మెట్టపొలాలు, వాటి మధ్య బావులవలె కనిపించే గుంతలు మాత్రమే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను ప్రస్తావించాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1982-83లో, డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మన్ బృందం వచ్చి వీటిని వివరంగా పరిశీలించింది. ఇంత పెద్ద గుహ పటం మీద ఎందుకు కనిపించదు? కనిపించని దానిని పటం సాయంతో ఎట్లా వెదకాలి?

మొదట గుహ పుట్టే తీరు తెలియాలి. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలోకి దిగి రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల ఏళ్ళకు పగులు సందు అవుతుంది, సందు గుహ అవుతుంది. గుహ పైకప్పు కూలినా, పైమట్టి లోపలికి జారినా నేలమీద గుంత పడుతుంది. దీనినే సింక్‌హోల్ అంటారు. కాబట్టి మనం వెదకవలసింది గుహను కాదు, నేలమీది నీరు లోపలికి పోయే చోటును.

మొదటి మెట్టు: రాయి

ముందుగా భూగర్భ పటం చూడాలి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ పటాలను భూకోశ్ వెబ్‌సైటులో చూడవచ్చు. కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతాలలో సున్నపురాయి విస్తారంగా ఉంది. తాండూరు, షాబాదు నాపరాళ్ళు కూడా సున్నపురాయే. కలబురగి ప్రాంత విద్యార్థుల ఇళ్ళలో కాళ్ళ కింద ఉన్నది అదే. ఒడిశాలో కోరాపుట్ జిల్లా గుప్తేశ్వరం, అల్లూరి సీతారామరాజు జిల్లా బొర్రా గుహలు కూడా సున్నపురాతి జాతివే. మహారాష్ట్రలోని అజంతా, ఎల్లోరా మాత్రం నల్లరాతిలో మనిషి తొలిచినవి. వాటిని ఈ లెక్కలో చేర్చకూడదు.

రెండవ మెట్టు: పటం

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటంలో మూడు గుర్తులు చూడాలి. నీలిగీతగా వచ్చిన వాగు చెరువులోగాని, మరో ఏటిలోగాని కలవకుండా ఉన్నట్టుండి ఆగిపోవడం ఒకటి. లోపలివైపు చిన్న గీతలున్న మూసిన సమోన్నత రేఖ, అంటే పల్లం గుర్తు, రెండవది. వాగు లేని లోయ మూడవది. అయితే ఈ పటాలలో మామూలుగా ఒక రేఖకు, మరొక రేఖకు మధ్య 20 మీటర్ల తేడా ఉంటుంది. పది మీటర్ల లోతు గుంత ఆ రెండు రేఖల మధ్యనే దాగిపోవచ్చు.

రేఖలు చెప్పనిది కొన్నిసార్లు పేరు చెబుతుంది. బెలుం అనే పేరు 'బిలం' నుండి వచ్చినదే. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గానికి బిలస్వర్గం అనే పేరు కూడా ఉంది. రాయలసీమలోను, కర్ణాటకలోను 'గవి' అంటే గుహ. 'బుగ్గ' అంటే నేలలోనుండి ఉబికే ఊట. లోపలికి పోయిన నీరు ఎక్కడో ఒకచోట పైకి రావాలి గదా. కడపలో బుగ్గవంక, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం మనకు తెలిసినవే. పేరు సాక్ష్యం కాదు, ఆచూకీ మాత్రమే.

మూడవ మెట్టు: ఉపగ్రహ చిత్రం

1988లో ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్-1ఏ చిత్రాలలో ఒక్కొక్క చుక్క సుమారు 36 మీటర్ల నేలకు సమానం. అందులో ఊరిబావి అంత గుంత కనిపించదు. 1995 నాటి ఐ.ఆర్.ఎస్-1సి దానిని దాదాపు 6 మీటర్లకు, 2005 నాటి కార్టోశాట్-1 రెండున్నర మీటర్లకు తగ్గించాయి. ఇప్పుడు భువన్ వంటి వెబ్‌సైట్లలో ఎవరైనా చిత్రాలు చూడవచ్చు. ఒకే చోటును రెండు కాలాలలో పోల్చడం ముఖ్యం. వానలు వెనకబట్టిన తరువాత చుట్టూ నీళ్ళు నిలిచినా ఒక పల్లం మాత్రం పొడిగా ఉన్నా, నడివేసవిలో ఒక గుండ్రని చోట మాత్రమే పచ్చదనం మిగిలినా దానిని గుర్తు పెట్టుకోవాలి. ఇటువంటి గుంతలు ఒకే వరుసలో ఉంటే కింద రాతి పగులు ఉండవచ్చు.

మోసపోయే అవకాశమూ ఎక్కువే. దిగుడుబావి, నాపరాతి గని, ఎండిన కుంట, చెట్టునీడ కూడా పైనుండి నల్లని గుంతలుగానే కనిపిస్తాయి. అందువల్ల చిత్రంలో దొరికినది 'అనుమాన స్థలం' మాత్రమే. ఊరి పెద్దలనో, పశువుల కాపరులనో అడిగిన తరువాతనే దానికి పేరు పెట్టాలి.

ఇది కేవలం వినోదం కాదు. 2015 నవంబరు, డిసెంబరు నెలలలో భారీవర్షాల తరువాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలోని కొన్ని పల్లెల పొలాలలో ఉన్నట్టుండి గుంతలు పడ్డాయి. కింద సున్నపురాయి ఉండడం, భూగర్భజలం బాగా అడుగంటిన తరువాత ఒక్కసారిగా నీరు దిగడం ఇందుకు కారణాలని పరిశీలించినవారు చెప్పారు. గుహలో నిండిన నీరు కప్పుకు కొంత ఆధారం. బోర్లతో దానిని తోడివేస్తే ఆ ఆధారం పోతుంది. పైగా సున్నపురాతి నేలలో నీరు ఇసుకలో వలె వడగట్టబడదు. గుంతలో పోసిన చెత్త దూరపు ఊట దగ్గర తాగేవారి కడవలోకి చేరవచ్చు. కనుక ఎక్కడ నీరు లోపలికి పోతున్నదో తెలుసుకోవడం ఇల్లు కట్టేవారికి, బోరు వేసేవారికి, ఊరి మంచినీటికి కూడా అవసరమే.

విద్యార్థులు తమ తాలూకా పటం ఒకటి తీసుకొని ఆగిపోయిన వాగులను, బిలం, గవి, బుగ్గ పేర్లున్న చోట్లను గుర్తించి జాబితా వేయవచ్చు. ఊరివారు ఆ చోటును ఏమని పిలుస్తారో తెలుగులోను, స్థానిక భాషలోను రాసుకోవాలి. చాలా పేర్లు పటాలకు ఎక్కనేలేదు. గుంత అంచు దగ్గరకు పోరాదు. అనుభవజ్ఞుల తోడు, అనుమతి లేకుండా ఏ గుహలోనూ దిగరాదు. జాబితా తయారు చేయడానికి గుంత లోపల ఏముందో చూడనవసరం లేదు.