వలస ఖడ్గం.. అసలా? నకిలీయా?

పురాతన ఆయుధాల సేకర్తలలో జర్మన్ వలస సైన్యపు ఖడ్గాలకు విశేష ఆదరణ ఉంది. అసలైనవి అరుదు, అనుకరణలు విస్తారం. పరీక్షించే విధానం తెలియనివారు సొమ్ము పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

నేపథ్యమిదీ..

జర్మనీ 1884 నుంచి నైరుతి ఆఫ్రికా (నేటి నమీబియా), కామెరూన్, తూర్పు ఆఫ్రికా ప్రాంతాలను తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. అక్కడి దళాలను ‘షుట్స్‌ట్రుప్పె’, అనగా రక్షణ దళం, అని వ్యవహరించేవారు. చైనాలోని చింగ్‌డావ్‌ను 1898లో కౌలుకు తీసుకొని నౌకాదళానికి అప్పగించింది. నైరుతి ఆఫ్రికాలో 1914 నాటికి ఉన్న జర్మన్ సైనికులు సుమారు 2,000 మందే. వారిలో అధికారులు ఇంకా తక్కువ. అందుకే నాటి అధికారుల ఖడ్గాలు అరుదు.

గుర్తించడమెలా?

నాటి ఖడ్గాలు అధికంగా జోలింగెన్ పట్టణంలో తయారయ్యేవి. పిడికి సమీపంలో బ్లేడుపై తయారీదారు ముద్ర ఉంటుంది. 1889 నమూనా ప్రష్యా పదాతిదళ అధికారి ఖడ్గానికి చేతి రక్షణ కవచంపై గద్ద చిహ్నం కనిపిస్తుంది. నౌకాదళ ఖడ్గపు పిడి కొనన సింహం తల, దాని కన్నులలో ఒకటి ఎరుపు, మరొకటి ఆకుపచ్చ.

అయితే ఈ నమూనాలను స్వదేశంలోని అధికారులూ ధరించారు. సాధారణ ఖడ్గంపై కాలనీ పేరు కొత్తగా చెక్కి అధిక ధరకు అమ్మడమే మోసగాళ్ల మార్గం. బ్లేడంతా అరిగి ఉండగా అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే అనుమానించాలి. ఒరపై, పిడిపై ఉన్న దళ ముద్రలు సరిపోలాలి. అధికారి పేరుంటే నాటి సైనికాధికారుల జాబితాలతో పోల్చాలి. మెరుపు కోసం తోమితే పాత ఛాయ పోయి విలువ తగ్గుతుంది.

నెత్తుటి చరిత్ర

ఈ ఖడ్గాల వెనుక విషాదముంది. నైరుతి ఆఫ్రికాలో 1904-08 మధ్య హెరెరో, నామా ప్రజలను జర్మన్ సేనలు వేల సంఖ్యలో హతమార్చాయి. దానిని జాతి నిర్మూలనగా జర్మనీ 2021లో అంగీకరించింది. తూర్పు ఆఫ్రికాలోని టాంగా వద్ద 1914 నవంబరులో జర్మన్ దళాలతో పోరాడిన భారతీయ సేనలో, హైదరాబాద్ కంటింజెంట్ మూలాలు గల 98వ పదాతిదళమూ ఉంది.

చట్టం మాటేమిటి?

మన దేశంలో ఖడ్గాలు 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తాయి. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తించవచ్చు. కొనే ముందు ఈ నిబంధనలను తెలుసుకొని, ఆధార పత్రాలను అడిగి తీసుకోవడం శ్రేయస్కరం.