మర్యాదోక్తులు - ఇంగితజ్ఞత

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు ఇల్లు వెడలువాడు 'పోతాను' అనడు, 'పోయొస్తాను' అనును. 'పోవు' ధాతువునకు మరణార్థమును గలదు. వ్రీడ, జుగుప్స, అమంగళము అని ఆలంకారికులు చెప్పిన త్రివిధాశ్లీలములలో మూడవది యిందు స్ఫురించును. 'వచ్చు' ధాతువు చేరుటచే ఆ శంక తొలగును. తిరిగి వత్తునని యింటివారికి మాట యిచ్చినట్లును అగును.

కుప్పము అరవ కన్నడ దేశముల పొలిమేర. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది అచ్చటనే. అరవవారు 'పోయిట్టు వరేన్' అనియు, కన్నడిగులు 'హోగి బరుత్తేనె' అనియు అందురు. ఇవి సోదరభాషలు గావున ఈ సామ్యము సహజమే యనవచ్చును. కాని ద్రావిడకుటుంబమున చేరని కొరియాభాషయందును ఇల్లు వెడలువాడు 'తన్యొ ఒగెస్సుమ్నిద' అనును. దానికిని 'పోయివచ్చెదను' అనియే యర్థము. 2019 నుండి పెనుకొండ చెంత కియా కార్లు తయారగుచున్నవి గావున, ఆ దేశపు మర్యాద నెరుగుట రాయలసీమవారికి నిష్ప్రయోజనము గాదు.

వినయమును తెలుపుటలో మాత్రము రెండుభాషలకును భేదము గలదు. పాణిని 'అస్మదో ద్వయోశ్చ' అను సూత్రముచే, ఒక్కడే తన్ను గూర్చి బహువచనమున చెప్పుకొనుట కనుమతించెను. అయినను సంస్కృతమున 'వయమ్' అన్నచో వినువాడు చేరెనో లేదో తెలియదు. తెలుగున 'మేము' వినువానిని వెలిపుచ్చును, 'మనము' కలుపుకొనును. అందుచేతనే అతిథితో 'మన యిల్లే యనుకొనుడు' అందురు. కొరియాభాషలో ఈ రెంటికిని సామాన్యముగా ఒకటే మాట; పెద్దలయెదుట మాత్రము తమవారిని తగ్గించి చెప్పుటకు 'చొహి' యను వేరురూపము గలదు. తెలుగు మర్యాద ఎదుటివానిని కలుపుకొనుటయందును, కొరియా మర్యాద తన్ను తగ్గించుకొనుటయందును ఈ పదములచే వ్యక్తమగుచున్నవి. విందునందు మాత్రము ఇరువురిదియు నొకటే త్రోవ. నిండుగ వడ్డించియు 'ఏదో కలిగినది పెట్టినాము' అని తెలుగువారందురు. 'సిద్ధపరచిన దేమియు లేదుగాని బాగుగ భుజింపుడు' అని కొరియావారందురు.

ఇట్టి మాటలకు సగము అర్థము వినువానియందున్నది. 'బియ్యము నిండుకొన్నవి' అని పొరుగింటి యిల్లాలితో చెప్పిన స్త్రీ యాచింపలేదు. విరుద్ధలక్షణచే 'అయిపోయినవి' అని గ్రహించినది శేరు బియ్యము కొలిచి పెట్టును. పెట్టలేనిది 'మా యింటను అట్లే' అనును. ఒకరి మానము పోదు, వేరొకరికి కాదనవలసిన పాపమును లేదు. వాచ్యార్థమునే పట్టి 'గాదె నిండినది గాబోలు' అని సంతసించినచో నాపూట ఆ యింట పొయ్యి రాజదు. ఈ గ్రహణశక్తిని కొరియావారు 'నున్చి' యందురు, మనవారు ఇంగితజ్ఞత యందురు.

దీపము కొండెక్కుట, మంగళసూత్రము పెరుగుట అను పలుకుబడులును ఇట్టివే. వీనిని బాలురు వాచ్యార్థముతో చదివినను, పండితులు తప్పని దిద్దినను చెడునది మాట యొక్కటియే కాదు, ఇరుగుపొరుగుల పొత్తును చెడును. కావున పాఠశాలలయందు ఈ మాటలకు అర్థముతోపాటు, ఎవరు ఎవరితో ఏ సందర్భమున పలుకుదురో కూడ బోధింపవలయును.