అరకు ఆఫ్‌రోడ్‌కి ఏ టైర్? బటన్ టైర్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

ఫోన్ కొనేటప్పుడు బెంచ్‌మార్క్ స్కోర్ చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ని. స్కోర్ లక్షల్లో ఉంటుంది, పావుగంట గేమ్ ఆడితే మాత్రం ఇస్త్రీ పెట్టెలా కాలుతుంది. టైర్ల విషయంలోనూ అచ్చంగా అదే తప్పు చేశా. ఈసారి పడిన బిల్లు: మోచేతికి 6 కుట్లు, వంగిపోయిన హ్యాండిల్.

నా బండి ఎక్స్‌పల్స్ 200 4వీ. ముందు 90/90-21, వెనక 120/80-18. నిరుడు జులైలో కంపెనీ టైర్లు తీసేసి ఫుల్ నాబీ సెట్ వేయించా. మన మెకానిక్‌లు బటన్ టైర్లు అంటారే, అవి. ఫొటోల్లో బండి డకార్ ర్యాలీ నుంచి నేరుగా వచ్చినట్టుంది. శనివారం పొద్దున్నే వైజాగ్‌లో బయల్దేరి, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కా. సన్నగా వాన. టైడా దాటాక ఒక హెయిర్‌పిన్‌లో బండి కొంచెం వంచానంతే, ముందు చక్రం చెప్పాపెట్టకుండా జారిపోయింది. ఎదురుగా దిగుతున్న ఆర్టీసీ బస్సు డ్రైవర్ బ్రేక్ కొట్టబట్టి ఇది రాస్తున్నా. స్పీడ్ ఎంతో తెలుసా? 35.

కారణం సింపుల్. బటన్ టైర్‌లో గుబ్బకీ గుబ్బకీ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి రోడ్డుకి తగిలే రబ్బరు తక్కువ. మట్టిలో ఆ గుబ్బ లోపలికి దిగి పట్టు ఇస్తుంది. తారులోకి దిగలేదు కదా! బండి వంచినప్పుడు అంచు గుబ్బల మీదే బరువంతా పడి అవి పక్కకి వంగుతాయి. నేను వేయించిన సెట్‌లో రబ్బరు కూడా గట్టిది. తడి తారు మీద ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో పైన చెప్పా.

వైజాగ్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు, అంతా తారే. ఆ తర్వాత నేను మట్టిలో తొక్కేది మహా అయితే 20. అంటే ఆ 20 కోసం టైర్ కొని, రానూపోనూ 230 కిలోమీటర్లు ప్రాణం పణంగా పెట్టా. మీది రోజంతా ట్రైల్‌లోనే తిరిగే బండి అయితే, దాన్ని అక్కడిదాకా వ్యాన్‌లో తీసుకెళ్లేంత స్తోమత ఉంటే, బటన్ టైరే కరెక్ట్. బండి మీదే వెళ్లి బండి మీదే ఇంటికి రావాలంటే మాత్రం 50:50 రకం చూడండి. ఈ 50:50, 70:30 అంకెలు ఏ ల్యాబ్‌లోనూ కొలిచినవి కావు, కంపెనీలు వాళ్ల అంచనాతో చెప్పేవే. గుబ్బల మధ్య ఖాళీ మీ కళ్లతో చూసుకోవడం బెటర్.

ఇక నేల సంగతి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. (ఖోండు ఆదివాసుల పేరు మీదే ఆ పేరు పెట్టారు.) అది శిథిలమైతే వచ్చేదే మనం చూసే ఎర్రమట్టి. ఎండాకాలంలో సిమెంటులా గట్టిగా ఉంటుంది, పైన పొడి దుమ్ము. జూన్ నుంచి అక్టోబర్ దాకా అదే మట్టి పూరీ పిండిలా చక్రానికి చుట్టుకుంటుంది. ఒకే దారి, రెండు సీజన్లు, రెండు వేర్వేరు టైర్లు కావాలి.

ఎండ్యూరో టైర్లలో రూల్ ఏంటంటే, మెత్తని నేలకి పొడుగు గుబ్బలు, మధ్యలో ఎక్కువ ఖాళీ. చక్రం తిరిగేటప్పుడు ఇరుక్కున్న బురద ఆ ఖాళీల్లోంచి ఎగిరిపోవాలి. ఖాళీ తక్కువైతే రెండు నిమిషాల్లో టైర్ నున్నటి ఎర్ర రోలర్ అయిపోతుంది. గట్టి నేలకి, రాళ్లకి దీనికి రివర్స్: పొట్టి గుబ్బలు, దగ్గర దగ్గరగా, రబ్బరు కాస్త మెత్తనిది. గట్టి నేలకి గట్టి రబ్బరు అనుకుంటాం కానీ, రాతిని పట్టుకోవాలంటే రబ్బరే మెత్తబడాలి. అరుగుదల మాత్రం ఫాస్ట్‌గా ఉంటుంది.

కటికి జలపాతం వైపు జీపులు వెళ్లే దారి లాంటివి రాళ్ల కేటగిరీ. అక్కడ గుబ్బల కన్నా టైర్ పక్క గోడ ఎంత గట్టిదన్నదే ముఖ్యం. కాఫీ తోటల పక్క దారుల్లో సిల్వర్ ఓక్ ఆకులు రాలి, కింద తడి, పైన పొడి. దాన్ని ఏ టైరూ నమ్మకంగా పట్టుకోదు, మెల్లగా వెళ్లడమే. చాపరాయి దగ్గరలాంటి నాచు పట్టిన రాతిపలకల మీద అయితే నేను బండి దిగిపోతా. సిగ్గేం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. గాలి.

కుట్లు మానాక సెప్టెంబర్‌లో 50:50 సెట్ వేసుకుని మళ్లీ వెళ్లా. డుంబ్రిగూడ మండలంలో ఒక ఊరికి వెళ్లే మట్టిదారిలో ఎత్తు మీద ఇరుక్కున్నా. వెనక చక్రం గిర్రున తిరుగుతోంది, బండి కదలదు. వెనకే ఆ ఊరి కుర్రాడొకడు స్ప్లెండర్ మీద, వెనక బియ్యం బస్తా కట్టుకుని, రెండు కాళ్లూ నేలకి ఆనిస్తూ నన్ను దాటి పైకెళ్లిపోయాడు. మామూలు రోడ్ టైర్లు! పైన బండి ఆపి వెనక్కి నడిచొచ్చాడు. టైర్ నొక్కి చూసి, "గాలెక్కువుందన్నా, తీసెయ్" అన్నాడు.

లెక్క చూడండి. వెనక చక్రం మీద 120 కిలోల బరువుందనుకుందాం. 30 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటర్‌కి సుమారు 2.1 కిలోలు. కాబట్టి నేలకి తగిలే భాగం దాదాపు 57 చదరపు సెంటీమీటర్లు. 18 పీఎస్‌ఐకి దించితే అదే దాదాపు 95. టైర్ గోడ బిగువు వల్ల నిజంగా ఇంత తేడా రాదు కానీ, రూపాయి ఖర్చు లేకుండా వచ్చే ఇలాంటి అప్‌గ్రేడ్ ఇంకొకటి లేదు. అలాగని ఇంకా దించేయకండి. ట్యూబ్ టైర్‌లో గాలి మరీ తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్‌కీ రాయికీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. రిమ్ లాక్ లేకపోతే టైర్ రిమ్ మీద జారి వాల్వ్ తెగిపోవచ్చు కూడా. పోటీల్లో 12, 13కి దించేవాళ్ల దగ్గర మందం ట్యూబులు, రిమ్ లాకులు ఉంటాయి, లేదా ట్యూబ్ బదులు మూస్ అనే ఫోమ్ ఉంటుంది. మన బండికి 18 దగ్గర ఆగిపోవడం మంచిది. మట్టి అయిపోగానే మళ్లీ బండి మీది స్టిక్కర్ చెప్పే ప్రెషర్‌కి నింపాలి. అందుకే యూఎస్‌బీ-సీ చార్జింగ్ ఇన్‌ఫ్లేటర్ ఒకటి నా బ్యాగ్‌లో పవర్ బ్యాంక్ పక్కనే ఉంటుంది.

గీక్‌లకి ఒక చిన్న విషయం. వైజాగ్‌లో 30 డిగ్రీల దగ్గర 25 పీఎస్‌ఐ నింపారు. డిసెంబర్ తెల్లవారి అరకులో 10 డిగ్రీలు. చలికి రెండున్నర పీఎస్‌ఐ పైన పడిపోవాలి. కానీ అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు, బయటి గాలి ఒత్తిడి ఒకటిన్నర దాకా తక్కువ, గేజ్ ఆ తేడానే కొలుస్తుంది. మొత్తం కలిపితే గేజ్‌లో 24 దాకా చూపిస్తుంది. లీక్ అని కంగారు పడొద్దు. ఘాట్ ఎక్కిన వెంటనే వేడి టైర్‌లో కొలవొద్దు, అప్పుడు ఎక్కువే చూపిస్తుంది.

కొనేటప్పుడు టైర్ పక్కన చూడాల్సినవి కొన్నే. డీఓటీ కోడ్‌లో చివరి 4 అంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. స్పీడ్ అక్షరం పీ అంటే 150 దాకా, ఎం అంటే 130. ఎన్‌హెచ్‌ఎస్ అని రాసి ఉంటే అది రోడ్డు మీద వాడేది కాదు, ఆఫర్ ఎంతున్నా వదిలేయండి.

ఆ కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు. నా టైర్లు తిరిగినచోట పడ్డ గాడి చూపించి, "మీరొచ్చి గోతులు చేసి పోతారన్నా. రాత్రి ఎవరికైనా బాగోలేకపోతే మేం డోలీ మోసుకెళ్లేది ఈ దారినే." నిజమే. అల్లూరి జిల్లాలో అంబులెన్స్ వెళ్లలేని ఊళ్ల గురించి వార్తల్లో ఎప్పుడూ చూస్తూనే ఉంటాం. తడి ఎర్రమట్టిలో తిరిగే చక్రం వేసే గాడిలో నీళ్లు నిలుస్తాయి, ఆ నీళ్లు మర్నాటికి దాన్ని ఇంకా లోతు చేస్తాయి. అంతర్జాతీయ ఎండ్యూరో పోటీల్లోనే టైర్ గుబ్బ లోతు 13 మిల్లీమీటర్లు దాటకూడదని ఎఫ్‌ఐఎం రూల్ ఉంది. ఊరి దారికి ఏ రూలూ లేదు, మనం పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు నా సెటప్: 50:50 టైర్లు, రెండు లివర్లు, 21 ఇంచుల స్పేర్ ట్యూబ్ ఒకటి. అవసరమైతే దాన్ని వెనక చక్రంలోనూ సర్దొచ్చు. అక్కడి షాపుల్లో స్ప్లెండర్ ట్యూబ్ దొరుకుతుంది కానీ 21 నాకు ఎక్కడా దొరకలేదు. వానాకాలంలో తారు, కాంక్రీట్ రోడ్లు దాటి వెళ్లను. మట్టి ట్రైల్స్ అన్నీ వలిసె పూలు పూసే నవంబర్ నుంచే. ఆ బటన్ టైర్లు ఇంకా బాల్కనీలో ఉన్నాయి, అమ్మ వాటిలో తులసి నాటుతానంటోంది.